సూది గుచ్చిన ఆకు

సోమవారం మధ్యాహ్నం, భవ్య నిద్రపోయిన పావుగంటకు, సుమలత ఆ బొక్కల్ని చూసింది.

వెతికి చూసింది కాదు. గ్రాఫ్ కాగితం మీద ఎర్రసిరా ఆరిందో లేదోనని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఆకు బొమ్మ నడుమ వెలుతురు చుక్కలు చుక్కలుగా మెరిసింది. కాగితం దించితే ఏమీ లేదు, ఎత్తితే చుక్కలు. సూదిమొన పట్టేంత సన్నటి బొక్కలు, ఆకు నడిమి నుంచి అంచు దాకా ఏటవాలుగా, ఒక వరస కింద ఇంకో వరస. లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై నాలుగే.

అది నెల రోజుల పని. అవీ నిండు రోజులు కావు; రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో నిండు రోజులెక్కడివి? భవ్య అన్నం తిని పడుకున్నాక దొరికే గంటన్నరే ఆమె ఆఫీసు టైము. కుక్కరు కూత వేసినా, వీధిలో టమోటాల ఆటో హారన్ కొట్టినా ఆఫీసు మూతబడుతుంది. అట్లా ఏరుకున్న గంటలతో, రెండు గ్రాఫ్ కాగితాలు అతికించి, సీతాఫలం కొమ్మ ఒకటి వేసింది. ఒక కాయ, రెండు ఆకులు. కాగితం మీద ఒక్కో గడి చీరలో ఒక్కో పోగు. ఎరుపు నింపిన గడి దగ్గర జరీ పైకి కనబడుతుంది, ఖాళీ గడి దగ్గర పట్టు పోగు కిందికి దూరిపోతుంది. ఆ లెక్క చూసి గోపాలస్వామి అట్టలకు బొక్కలు కొడతాడు. ఆ అట్టల దండ మగ్గం నెత్తిన తిరుగుతూ ఏ పోగు లేవాలో, ఏది అణగాలో చెబుతుంది.

అట్టలకు బొక్కలుండాలి సరే, ఆమె కాగితానికెందుకు?

మదనపల్లె నేతగాళ్ల పేట నీరుగట్టువారిపల్లెలో ఆ ప్రశ్నకు జవాబు ఎవరైనా చెబుతారు. జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టేవాళ్లు బొమ్మను ఎత్తుకునేది సూదితోనే. బొమ్మ కింద తెల్లకాగితం పెట్టి, గీత వెంబడి గుచ్చి, ఆ బొక్కల మీద పౌడరు రుద్దితే బొమ్మ గుడ్డ మీదికి దిగిపోతుంది. ఆ సన్న బొక్కలు తప్ప అసలు కాగితం చెక్కుచెదరదు. సుమలత ఆడబిడ్డ శ్వేత పుంగనూరులో నడిపేది అటువంటి జాకెట్ల కొట్టే. ఇంక ఎవరు గుచ్చారో, ఎవరికోసం గుచ్చారో తెలుసుకోవడానికి పోలీసులు రావాలా?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సుమలత నిలుచున్న చోటనే పట్టేసింది.

ఆమెకు ఇంతకుముందు ఒకసారి చెయ్యి కాలింది. పోయిన ఏడాది ఆమె వేసిన మామిడికొమ్మ చీరను రాజేంద్ర నేయించాడు. వీధిలో మగ్గాలకు పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే ఆసామి అతను. బొమ్మ వేయడం మాట దేవుడెరుగు, మామిడాకుకూ వేపాకుకూ తేడా చెప్పమంటే తడుముకునే మనిషి. బెంగళూరులో చీరల కొట్టున్న ఉషారాణి అనే ఆమె వచ్చి ఫోనులో ఫోటో చూపించినప్పుడు, చీర కింద 'డిజైన్: రాజేంద్ర' అని ఉంది. సుమలత ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. "అది నేనేసింది మేడమ్" అంది.

"మీరా? ఆ ఆకుల్లో ఈనెలు చూసే నేను ఆగిపోయానండీ. ఎంత నాజూకుగా వచ్చాయో!" అంది ఉషారాణి.

ఈనెలా? తను ఆకును నిండుగా ఎరుపుతో నింపింది గానీ ఈనెలు వేసిన గుర్తు లేదు. జరీ మెరుపులో అట్లా కనబడిందేమోలే అనుకుంది. మెచ్చుకోలు నడిచి ఇంటికొస్తే ఎవరు తలుపేసుకుంటారు? ఉషారాణి పోతూ పోతూ ఒక మాట ఇచ్చింది. ఈసారి డిజైన్ నేరుగా తనకే ఇస్తే, నమూనాగా ఒక జానెడు గుడ్డ నేసి చూపిస్తే, నచ్చితే, ప్రతి చీర చెంగుకూ కుట్టే గుడ్డ ముక్క మీద 'డిజైన్: సుమలత' అనే వేయిస్తానంది. వచ్చే ఆదివారం ఆమె మదనపల్లెకు వస్తోంది.

బి.కొత్తకోటలో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసై, పెళ్లయ్యాక వాకిట్లో ముగ్గులు తప్ప ఇంకేమీ గీయకుండా రెండేళ్లు గడిపిన మనిషికి ఆ గుడ్డ ముక్క ఎంత ముఖ్యమో చెప్పినా అర్థమయ్యేవాళ్లు తక్కువ. ఈలోగా ఆ సీతాఫలం పుంగనూరు జాకెట్ల మీదికి ఎక్కిందంటే ఉషారాణి ఏమంటుంది? "ఇది బజార్లో ఉన్నదే కదమ్మా" అంటుంది. అంతటితో అయిపోతుంది.

"బిడ్డ లేసిందా?" అంటూ గంగులమ్మ లోపలికి వచ్చింది. సుమలత అత్త. మామ సిద్దప్ప పోయినప్పటి నుంచి ముందు గదిలో గుంతమగ్గం ఆమే నేస్తోంది. చేతిలో పోగు చుట్టిన కండెల బుట్ట ఉంది.

సుమలత కాగితాన్ని చటుక్కున చుట్టేసింది. "లేదత్తా."

"ఎర్రది ఆరిందా? గోపాలస్వామి దెగ్గిరికి పోతాండా. ఇచ్చేది ఉంటే ఇయ్యి. ఇచ్చేసి వస్తా."

ఇంతకుముందు ప్రతి కాగితమూ అత్త చేతి మీదుగానే పోయింది. అది ఇప్పుడు తలుచుకుంటే సుమలతకు ఒళ్లు మండింది. "ఇంగా అయిపోలేదు. అయినాక నేనే ఇస్తా" అంది.

గంగులమ్మ కోడలి ముఖాన్ని ఒక క్షణం చూసింది. "నీ ఇష్టం" అని బుట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ చూపులో ఏదో దాచుకున్నట్టు ఉందని సుమలతకు తోచింది. అనుమానం వచ్చాక ప్రతి చూపులోనూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆ సాయంత్రం కాగితాన్ని ట్రంకుపెట్టెలో పెట్టింది. తాళం ఎప్పుడో పోయింది. గొళ్లేనికి ఎర్రదారం చుట్టి, రెండు ముడులు వేసి, కొసలు ఇంతింత పొడుగు వదిలింది. ఎవరైనా విప్పితే తెలిసిపోతుంది. భవ్య ఆ దారాన్ని చూసి "అమ్మా, రాకీ" అంది.

కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసే భర్త మునికుమార్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పింది. అతను శనివారాలు వస్తాడు, సోమవారం తెల్లారి పోతాడు. మధ్యలో ఈ ఇంట్లో ఏం జరిగినా అతనికి అది వినికిడే.

"మా అమ్మ అట్లాంటిది గాదు సుమా" అన్నాడు.

"మరి సూది బొక్కలు యాడి నుంచి వచ్చినాయి? ఎలకలు గుచ్చినాయా?"

"బిడ్డేమైనా గుచ్చిందేమో."

"వరసగానా? గళ్లు లెక్కబెట్టుకొని గుచ్చిందా నీ బిడ్డ?"

"శనివారం వస్తా గదా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి శనివారానికి వాయిదా పడినవి చాలా ఉన్నాయి. సుమలత ఫోను పెట్టేసింది.

మంగళవారం పొద్దున భవ్యను చంకనేసుకుని పుంగనూరు బస్సెక్కింది. పాపకు జాకెట్టు గుడ్డ కొలతలిచ్చి వస్తానని అత్తకు చెప్పింది. బస్సులో ఊపిరాడలేదు, పక్కనే కూర్చున్న ముసలాయన ఒళ్లో వేరుశనక్కాయల మూట, దాని మీద భవ్య కాళ్లు. దారి పొడుగునా సుమలత ఒకే సంగతి తిప్పి తిప్పి ఆలోచించింది. పోయి అడిగేయాలా, చూసి ఊరుకోవాలా?

శ్వేత కొట్టు బస్టాండు వెనక సందులో ఉంది. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, ఇద్దరు ఆడపిల్లలు అటొకరు ఇటొకరు కూర్చుని పూసలు కుడుతున్నారు. గోడకు కొక్కేల నిండా బొమ్మల కాగితాలు, ప్రతి దాని నిండా సూది బొక్కలు. నెమళ్లు, ఏనుగులు, లతలు. సుమలత కళ్లు ఒక్కో కొక్కేన్నీ తడిమాయి. సీతాఫలం లేదు.

"ఏంది వదినా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చినావు?" అంటూ శ్వేత లేచి భవ్యను అందుకుంది. లేస్తూ లేస్తూ బల్ల మీది కాగితం ఒకటి సొరుగులోకి తోసింది.

"ఏందది?" అంది సుమలత.

"కస్టమర్‌ది. పెండ్లికూతురి జాకెట్టు. ఎవురికీ సూపియ్యొద్దని ఆయమ్మ ఒట్టు ఏయించుకునింది." శ్వేత నవ్వింది. నవ్వు మామూలుగానే ఉంది. దొంగలు నవ్వరని ఎవరన్నారు?

టీ తాగారు. భవ్య పూసల డబ్బాలో చెయ్యి పెట్టి పిడికిలి నింపుకుంది. వేళ్లు విడదీసి పూసలు తీసేటప్పుడు శ్వేత అలవోకగా అంది: "అవును వదినా, మా అమ్మను నా సూది పంపించమను. సన్నది, పిడి ఉండేది. బొమ్మలు గుచ్చేదానికి అదే బాగుంటాది. పోయిన తూరి వచ్చినప్పుడు అడిగి ఎత్తుకపోయింది."

సుమలత గ్లాసు కింద పెట్టింది. "అత్తకు యాలంట ఆ సూది?"

"ఏమో, పని ఉండాది అనింది."

తిరుగు బస్సులో భవ్య ఒళ్లో నిద్రపోయింది. సుమలతకు ఇంక సందేహం లేదు. సూది కూతురిది, చెయ్యి తల్లిది, బొమ్మ తనది. రాజేంద్ర పరాయివాడు, వాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. తన పిల్లకు నూనె రాసి స్నానం చేయించే చేతులే తన కాగితాన్ని గుచ్చాయంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆమెకు ఏడుపొచ్చింది. పుంగనూరు దాటాక ఒక కిలోమీటరు దాకా ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ట్రంకు దగ్గరికి పోయింది. దారం ఉంది, కొసల పొడుగూ సరిగ్గానే ఉంది. కానీ ముడి మారింది. తను వేసింది మామూలు ముడి, లావుగా, కందిగింజంత. ఇప్పుడున్నది ఆవగింజంత. పడుగులో తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్లు రెండు వేళ్ల మధ్య కళ్లు మూసుకుని వేసే ముడి అది. సుమలత పుట్టింట్లో మగ్గం వదిలి ఒక తరమైంది, ఆ ముడి ఆమెకు చేతకాదు. విప్పిన మనిషి జాగ్రత్తగానే కట్టింది పాపం, కొసలు కూడా కొలిచి కట్టింది. వేళ్లు మాత్రం తమకు తెలిసిన ముడే వేసుకున్నాయి.

దారం తెంపి, పెట్టె తెరిచి కాగితం ఎత్తి చూసింది. రెండో ఆకులోనూ బొక్కలు.

గంగులమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. "జాకెట్టు కొలతలు ఇచ్చినావా?" అని అడిగింది తలెత్తకుండా.

"ఇచ్చినా" అంది సుమలత. "శ్వేత సూది అడగమనింది."

పోగును అటూ ఇటూ లాగే నాడె ఒకసారి ఆగి మళ్లీ నడిచింది. "ఇస్తాలే" అంది గంగులమ్మ.

అప్పుడే అడిగేసి ఉండొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆ మగ్గం మీదే నమూనా నేయాలి, నేసేది ఆమే, ఆదివారం ఇంక ఐదు రోజులు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యే. సుమలత మింగుకుని వంటింట్లోకి పోయింది. ఆ పూట అత్త మీది కోపం దుత్త మీద చూపించిందన్నట్టు గిన్నెలన్నీ చప్పుడు చేశాయి.

బుధ, గురువారాలు భవ్యను పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి, ఆ ఇంటి మిద్దె మీది గదిలో కూర్చుని బొమ్మ మొత్తం కొత్త కాగితం మీదికి ఎత్తింది. చూసి దించేదే గనక రెండు రోజుల్లో అయింది, కానీ ఎట్లా అయింది? కింద భవ్య "అమ్మా, అమ్మా" అని ఏడుస్తోంది. పెద్దమ్మ బిస్కెట్టు ఇస్తానంటోంది, కాకిని చూపిస్తానంటోంది. ప్రతి ఏడుపుకూ సుమలత చెయ్యి గడి దాటబోతుంది, పళ్లు బిగించి ఆపుతుంది. ఒకసారి ఉండబట్టలేక మెట్లు దిగబోయి, నాలుగో మెట్టు మీద నిలబడి, మళ్లీ పైకి పోయింది. పిల్ల ఏడుస్తుంటే చెవిలో దూది పెట్టుకుని బొమ్మ గీసే తల్లి ఎట్లాంటి తల్లి అని తననే తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఆకు పూర్తి చేసింది. నిండు ఎరుపు, ఒక్క బొక్క లేదు, ఒక్క ఖాళీ గడి లేదు. రెండు ఆకులూ కుంకుమ పోసినట్టు ఉన్నాయి.

గురువారం పొద్దు వాలేటప్పుడు తనే తీసుకుపోయి గోపాలస్వామి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ వీధి మగ్గాలన్నిటికీ అట్టలు కొడుతున్నవాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏందమ్మా, ఈ తూరి మీ అత్త సూడలేదా?"

సుమలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఈయనకూ తెలుసన్నమాట. వీధి వీధంతా ఒకటే. "ఎవురూ సూడాల్సిన పని లేదన్నా. ఉండేది ఉన్నట్టు కొట్టు" అంది.

"అది గాదు తల్లీ, ఈ ఆకు..."

"బొమ్మ నాది. నేను సెప్తాండా గదా."

గోపాలస్వామి కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. "నీ ఇష్టం. రేప్పొద్దన్నకి కొట్టి, కుట్టి పెడతా" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం అట్టల దండ మగ్గం మీదికి ఎక్కింది. గంగులమ్మ స్టూలెక్కి ఒక్కో అట్టనూ వేళ్లతో తడుముతూ చూసింది. కొన్ని అట్టల దగ్గర ఆగింది. స్టూలు మీది నుంచే కోడలి వైపు తిరిగి, "ఇవి ఎవురు కొట్టినారు?" అంది.

"స్వామన్నే."

"ఏ కాగితం సూసి?"

"నేనిచ్చిన కాగితం సూసి" అంది సుమలత, అత్త కళ్లలోకి నేరుగా చూస్తూ. ఇప్పుడు తెలిసిందా, అనే మాట పైకి అనలేదు గానీ అన్నంత పనీ చేసింది. గంగులమ్మ మెల్లగా దిగి, స్టూలు గోడ వారకు పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది.

శనివారం మధ్యాహ్నం భవ్యను నిద్రపుచ్చుతూ సుమలత కూడా కన్ను మూసింది. మెలకువ వచ్చేసరికి పక్కలో పిల్ల వెచ్చగా ఉంది. ముందు గదిలో మగ్గం చప్పుడు మామూలుగా లేదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడు వింటూనే ఉంది. నిద్రలో కూడా దాని లెక్క ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక దెబ్బ పడుతోంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక దెబ్బ.

అడుగు చప్పుడు కాకుండా పోయి తలుపు పక్కన నిలబడింది.

గంగులమ్మ మగ్గం మీదికి ముక్కు తగిలేంతగా వంగి ఉంది. కుడిచేతిలో సూది. సన్నది, పిడి ఉన్నది. నేస్తున్న సీతాఫలం రెండో ఆకు దగ్గర పోగుల్ని ఆ సూదితో కెలుకుతోంది. ఒకటి ఎత్తింది, నాలుగైదు వదిలి ఇంకొకటి ఎత్తింది.

"అత్తా!"

గంగులమ్మ ఉలిక్కిపడింది. సూది చేతిలోనే ఉంది.

"కాగితం గుచ్చినావు, సాలలేదా? ఇప్పుడు గుడ్డను గూడా పాడు చేస్తాండావా?" సుమలత గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "నీ కూతురి కొట్టు కోసరం నా బొమ్మ దొంగతనం చేస్తావా? నేనేం తక్కువ చేసినా నీకు? నా పేరు ఒక్క తూరి, ఒక్క తూరి యాడన్నా పడితే ఈ ఇంట్లో ఎవురికి నొప్పి?"

దొంగతనం అన్న మాట గదిలో పడ్డాక ఇంక వెనక్కి రాలేదు. గంగులమ్మ ముఖంలో రంగు పోయింది.

ఆ అరుపుకు భవ్య లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చింది. గుంతమగ్గం గుడ్డ నేలకు మూరెడు ఎత్తులోనే ఉంటుంది. పిల్ల చక్కగా దాని పక్కన చతికిలబడి, మెరుస్తున్న మొదటి ఆకు మీద చెయ్యి పెట్టింది. చిటికెన వేలు జరీ కిందికి దూరింది. "బంగారు" అంటూ లాగింది.

ఒక్క లాగుకు ఆకు లేచి వచ్చింది. పొడుగాటి జరీ పోగులు ఉచ్చుల్లాగా పైకి తేలి, పిల్ల వేలికి చుట్టుకున్నాయి. ఆకు ఉన్న చోట ముడతపడిన పట్టు మిగిలింది.

భవ్య భయపడి వేలు విదిలించింది. విదిలించినప్పుడు చెయ్యి రెండో ఆకు మీద పడింది, గోళ్లతో అక్కడా గీకింది. ఆ ఆకు మాత్రం కదల్లేదు. దాంట్లో జరీ పోగు పొడుగున సాగిపోకుండా అక్కడొకచోట, ఇక్కడొకచోట పట్టు పోగు కిందికి దూరి మళ్లీ లేచింది. అట్లా దూరిన చోట్లన్నీ కలిసి నడిమి నుంచి అంచు దాకా ఏటవాలుగా, వరస కింద వరసగా సన్నటి గీతలయ్యాయి.

ఈనెలు.

గంగులమ్మ పిల్ల వేలికి చుట్టుకున్న జరీని మెల్లగా విడదీసింది. "జరీ పోగు పది గళ్లు దాటి ఒక్కటే పోత పోతే గుడ్డ మీద నిలబడదు" అంది, ఎవరికో చెబుతున్నట్టు. "మట్టెకు తగులుకుంటాది, గాజుకు తగులుకుంటాది. నడాన ఒక గడి ఇడిసిపెట్టి అణచల్ల. కాగితం మీద అందం తెలుస్తాది, ఇది తెలీదు. మొదట్నుంచీ నువ్వు ఇట్లనే నింపుతాండావు. నేను గుచ్చి ఇస్తే, సూది బొక్క ఉండే గడిని స్వామి కొట్టకుండా ఇడిసిపెడతాడు. ఎర్ర సిరాని తుడిసేదానికి రాదు గదా, అందుకని సూది. మొదటి ఆకు అట్టలు సెప్పినట్టే పోనిచ్చినా, నిలబడదని సూసి రెండోదానికి సూది ఎత్తుకున్నా."

"మామిడికొమ్మ?" అంది సుమలత. "దాంట్లో గూడా?"

"దాంట్లో గూడా."

"నాకు ఒక మాట సెప్పొచ్చు గదత్తా."

"సెప్పింటే ఏం చేసేదానివి?" గంగులమ్మ మొదటిసారి తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తప్పుండాది అంటే ఆ కాగితం చించి పారేసి మళ్లా మొదట్నుంచీ ఏసేదానివి. నీ సంగతి నాకు తెలీదా? పాలు తాగే బిడ్డ. దాన్ని పండబెట్టి నువ్వు పండుకోకుండా గళ్లు నింపుతా ఉంటే సూసినా. తినేది లేదు, నిద్రపోయేది లేదు. ముప్పై బొక్కలు గుచ్చితే అయిపోయే పనికి బిడ్డను ఇంగా నెల రోజులు ఏడిపించాల్నా అనుకొని గమ్మునుండినా." ఆగింది. "దొంగతనం అంటివే. నా కూతురికి దోసి పెడతానంటివే."

గంగులమ్మ మగ్గం గుంతలోంచి లేచి, పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కుంది.

ఆ సాయంత్రం మునికుమార్ కుప్పం నుంచి వచ్చాడు. "ఏందో మాట్లాడదామనుకుంటిమే?" అన్నాడు. "ఏమీ లేదు" అంది సుమలత. అతనికి అది మంచి వార్తగానే తోచి, టీ అడిగాడు. గంగులమ్మ మళ్లీ మగ్గంలోకి దిగి, పాడైన కొమ్మ పైన ఇంకో కొమ్మ మొదలుపెట్టింది. ప్రతి పోగుకూ సూదితో ఎత్తడం, జరీ పోనివ్వడం, ఒక దెబ్బ. సుమలత ట్రంకులోంచి పాత కాగితం తీసి, ఎదురుగా కూర్చుని, దీపానికి అడ్డంగా పట్టుకుని బొక్కల లెక్క చదివింది. "ఏడు ఇడిసి ఒకటి. తర్వాత ఆరు ఇడిసి ఒకటి." అత్త బదులు పలకలేదు, కానీ చెప్పిన గడి దగ్గరే సూది ఆగింది. అన్నాల వేళకు కొమ్మ పూర్తయింది. కాగితాన్ని ట్రంకులో పెట్టి, గొళ్లేనికి మళ్లీ ఎర్రదారం కట్టింది గంగులమ్మే.

ఆదివారం పదకొండు గంటలకు ఉషారాణి కారు దిగింది. నమూనా గుడ్డను కిటికీ దగ్గర పరిచి, వేలి ఉంగరంతో కావాలనే ఆకు మీద గీరి చూసింది. ఏ పోగూ లేవలేదు. ఆమె ముఖం విప్పారింది.

"అవే ఈనెలు! చూశారా, చెప్పానా? మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ సుమలతగారూ." ఫోను తీసింది. "పేరు ఎట్లా రాయమంటారు? ఇంటిపేరుతోనా, ఊరికే సుమలత అనా?"

ఈ మాట కోసమే నెల రోజులుగా ఆమె కాచుకుని ఉంది. ఊరికే సుమలత అంటే చాలు. గదిలో ఉన్నవాళ్లెవరూ కాదనరు. గంగులమ్మ అసలే అనదు. గుమ్మం దగ్గర భవ్యకు తల దువ్వుతూ ఇటు చూడనైనా చూడటం లేదు. రాజేంద్ర కూడా ఇట్లాగే అనుకుని ఉంటాడా? ఎవరూ కాదనరు గదా, అని? ఆ ఆలోచనకు సుమలతకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆశ కూడా అక్కడే ఉంది, పోలేదు.

"ఈనెలు నావి కాదు మేడమ్" అంది. "మా అత్తవి. మామిడికొమ్మలో ఉండేవి గూడా ఆమెవే. నాకు నిన్నటి దాకా తెలీదు."

ఉషారాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఎవరి పేరు వేయాలి?"

"రెండూ ఎయ్యండి. చోటు సాలకుంటే అక్షరాలు సన్నంగా ఎయ్యండి."

"మీ పేరేంటమ్మా?" అంది ఉషారాణి గుమ్మం వైపు తిరిగి.

గంగులమ్మ పేరు చెప్పలేదు. దువ్వెన పిల్ల జుట్టులోనే వదిలేసి లేచి వచ్చింది. గుడ్డ మీదికి వంగి, ఆకు కొస దగ్గర గోరు పెట్టింది.

"కింది ఈనె ఒకటి వంకర పొయ్యింది. నిన్న కన్ను ఆనలేదు నాకు. పేరు ఎయ్యాలంటే దీన్ని సరిజేసినాక ఎయ్యల్ల, లేకుంటే సూసినోళ్లు నవ్వుతారు." రొండిన దోపుకున్న సూది తీసి, కోడలి చేతిలో పెట్టింది. "ఇంద. కాగితం ఎత్తుకరా పో. ఈ తూరి నువ్వే గుచ్చు, నేను లెక్క సెప్తా. బిడ్డను ఇట్లియ్యి."

బిడ్డ ఎక్కడికీ పోలేదు, దువ్వెనతో సహా అవ్వ కొంగు పట్టుకునే నిలబడి ఉంది. గంగులమ్మ దాన్ని చంకనేసుకుంది. సుమలత ట్రంకు దగ్గరికి పోయి గొళ్లేనికున్న ఎర్రదారం ముడి విప్పడానికి చూసింది. ఆవగింజంత ముడి, ఎంతకూ రాలేదు.

"అత్తా," అని పిలిచింది, "ఈ ముడి యాడ పట్టుకొని లాగల్ల?"